గాజుపెట్టెలోని పాము

ఈ సంవత్సరము మా వసతిగృహములో రెండు పాముల ప్రసంగము వచ్చినది. ఒకటి ఛాయాచిత్రములో వచ్చినది. రెండవది ప్రాణముతో వచ్చి, ప్రాణము లేకుండ పోయినది. ఆ రెండింటిని గురించి మా అభిప్రాయమును విద్యార్థి మిత్రుల యెదుటను, కళాశాల కార్యవర్గము వారి యెదుటను ఉంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. వార్షిక సంచికలో పాముల గొడవ యేమిటని కొందరు నవ్వవచ్చును. నవ్విన పిదప చదివినను మాకు అభ్యంతరము లేదు.

మాలో ఒకని మేనమామగారు కాలిఫోర్నియాలో ఉద్యోగము చేయుచున్నారు. వారి కుమారుడు ఇంటిలో పెంచుకొనుచున్న పాము చిత్రమది. పసుపు వన్నె మీద గోధుమరంగు మచ్చలతో, ముంజేతికి కంకణమువలె చుట్టుకొని యున్నది. దాని పేరు గోఫర్ పాము. చూచిన వారిలో సగము మంది ‘ఛీ’ అనిరి. తక్కిన సగము మంది మనమును ఒకటి తెచ్చుకొనిన బాగుండుననిరి. నగరములో విదేశీ పాములను రహస్యముగా అమ్మువారు కలరని విని, ఒక మిత్రుడు ధర కూడ విచారించి వచ్చెను. ఈ రెండవ వర్గము వారితోనే మాకు ముఖ్యముగా మాట్లాడవలసిన పని యున్నది. ‘ఛీ’ అన్న వారి సంగతి తరువాత చెప్పెదము. వారును తప్పించుకొనలేరు.

మొదట ఆ పామునకు న్యాయము చేయుదము. గోఫర్ అనగా ఉత్తర అమెరికాలో నేలలో బొరియలు త్రవ్వుకొని మొక్కల వేళ్ళు కొరికివేయు ఒక చిన్న జంతువు. దానిని, ఎలుకలను, చుంచులను తిని బ్రతుకుటచేత ఈ పామునకు ఆ పేరు వచ్చినది. శాస్త్రజ్ఞులు ఈ ప్రజాతిని పిటుయోఫిస్ అందురు. పైన్ పాము, బుల్ స్నేక్ అనునవి దీని దగ్గరి చుట్టములు. వీనిలో దేనికిని విషము లేదు. ఎరను చుట్టి నొక్కి చంపును. సాధారణముగా నాలుగు నుండి ఆరు అడుగుల పొడవుండును. బుల్ స్నేక్ ఎనిమిది అడుగుల వరకు పెరుగుటయు కలదు. మూతి చివరనున్న పొలుసు పెద్దదై మట్టి త్రవ్వుటకు అనుకూలముగా నుండును.

దీని విద్యలలో మాకు మిక్కిలి నచ్చినది వేషధారణ. శత్రువు ఎదురైనప్పుడు తలను వెడల్పు చేసి ముక్కోణముగా మార్చును. ఎండుటాకులలో తోకను వేగముగా కదలించి గలగల ధ్వని పుట్టించును. గొంతులోని ఒక పొర గాలి వేగమునకు కంపించుటవలన దీని బుస దూరమునకు కూడ వినబడును. ఇదంతయు ఆ దేశములోనే యున్న ర్యాటిల్ స్నేక్ అను విషసర్పమును అనుకరించుట. గ్రద్దయు నక్కయు ఈ నాటకమును చూచి భయపడి తొలగిపోవచ్చును. మనుష్యుడు మాత్రము తొలగిపోడు, గునపము తెచ్చును. ప్రాణరక్షణకై నేర్చిన విద్యయే ప్రాణాంతకమగుట పశుపక్ష్యాదులలో అరుదు కాదు గాని, ఇంత స్పష్టముగా మరియొకచోట మేము చదువలేదు.

ఇటువంటి పామును అమెరికాలో అనేకులు పెంచుచున్నారు. వారిని పిచ్చివారని తీసివేయుట న్యాయము కాదు. శ్రద్ధగా పెంచువారి పద్ధతి చదివినచో మన వసతిగృహపు గదిని చూచుకొని సిగ్గు కలుగును. పెట్టెకు తాళము పడునట్టి మూత యుండవలెను. ఒక ప్రక్క 30 నుండి 32 డిగ్రీల వెచ్చదనము, రెండవ ప్రక్క చల్లదనము ఉండవలెను. దాగుకొనుటకు చోటు, త్రాగుటకు నీరు, త్రవ్వుకొనుటకు మెత్తని పొర కావలెను. మంచులో నిలువచేసిన చచ్చిన ఎలుకను కరగించి, వారమునకో పదిదినములకో ఒకసారి పెట్టవలెను. శీతకాలమున చల్లబరచి విశ్రాంతి నీయవలెను. ఇట్లు చూచుకొనినచో ఆ పాము పదునైదు, ఇరువది సంవత్సరములు బ్రతుకును.

ఇరువది సంవత్సరములు! మన బి.ఎస్సీ. మూడు సంవత్సరములు. ఆ పిదప ఉద్యోగపు వేట, వివాహము, అద్దె యిండ్లు. ఇంటి యజమాని పిల్లినే సహింపడు. అమ్మగారు ఒప్పుకొందురని ధైర్యముగా చెప్పగలవారు మాలో ఒక్కరును లేరు. పైగా మే నెలలో మన తెలుగునేల మీద ఎండ నలుబది డిగ్రీలు దాటును. విద్యుత్తు పోయి పంకా నిలిచిపోయిన మధ్యాహ్నము, నలుగురము కిటికీ దగ్గర చేరి ఉస్సురనుచున్న గదిలో, గాజుపెట్టెలోని ప్రాణి ఎక్కడికి పోవలెను? పొలములోని పాము బొరియలోనికి పోవును. పెట్టెలోని పామునకు మన దయ తప్ప వేరు బొరియ లేదు.

మరియొక సంగతి. సరీసృపముల ప్రేగులలో సాల్మొనెల్లా అను సూక్ష్మజీవులు తరచుగా నుండును. వానికి హాని లేదు, మనకు కలదు. చిన్న తాబేళ్ళవలన పిల్లలకు జబ్బు చేయుచున్నదని, నాలుగు అంగుళముల కంటె చిన్న తాబేళ్ళ అమ్మకమును 1975లో అమెరికా ప్రభుత్వమే నిషేధించినది. పామును ముట్టుకొని చేయి కడుగకనే ఒకే పళ్ళెము చుట్టు కూర్చొని తిను అలవాటు మనది. ఇంతకంటె వివరింపము.

పెట్టెనుండి తప్పించుకొనిన పాము సంగతి మరింత గంభీరమైనది. స్పెయిన్ దేశమునకు చెందిన గ్రాన్ కనేరియా ద్వీపములో మొదట పాములు లేవు. పెంచుకొనుటకై తెచ్చిన కాలిఫోర్నియా కింగ్ స్నేకులు అక్కడ బయటపడినవి. 1998 నుండి అవి ఆరుబయట కనిపింపసాగినవి. ఆ ద్వీపములో తప్ప మరెక్కడను స్వతస్సిద్ధముగా లేనట్టి పెద్దజాతి బల్లులు, ఆ పాములు వ్యాపించిన చోట్ల దాదాపు కనుమరుగైనవి. పాము చేసిన నేరమేమియు లేదు. అది ఆకలికి తిన్నది. మూత సరిగా వేయనివాడు, విసుగు పుట్టి వదలివేసినవాడు ఎవరో మనుష్యుడు.

పెంపకమువలన మేలు లేదని మేము వాదింపము. లూసియానా పైన్ పాము అను గోఫర్ పాము చుట్టము ఒకటి కలదు. పొడవాకుల పైన్ అడవులు నరికివేయబడుటచేత అది మిక్కిలి అరుదైపోగా, 2018లో అమెరికా ప్రభుత్వము దానిని ముప్పునకు గురియైన జీవుల పట్టికలో చేర్చినది. ఒక్కొక్క ఈతకు అది పెట్టు గ్రుడ్లు నాలుగైదు మాత్రమే. మెంఫిస్ మొదలగు నగరముల జంతు ప్రదర్శనశాలలలో పొదిగించిన పిల్లలను 2010 నుండి కిసాచీ జాతీయారణ్యములో విడుచుచున్నారు. ఇదియును గాజుపెట్టెలోని పెంపకమే. కాని అక్కడ పెట్టె మూత అడవి వైపునకు తెరచుకొనుచున్నది. మన మిత్రుడు ధర విచారించి వచ్చిన పెట్టె మూత ఎటువైపునకును తెరచుకొనదు.

ఇక చట్టము మాట. మన దేశపు పామును పట్టి ఇంటిలో ఉంచుకొనుటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అంగీకరింపదు. విదేశీ జంతువుల విషయములో 2020లో కేంద్ర ప్రభుత్వము స్వచ్ఛందముగా వెల్లడింపుడని కోరినది. 2022లో చట్టమును సవరించి, 2024లో నమోదు నియమములు చేసినది. అయితే ఆ నమోదు, సైటీస్ అను అంతర్జాతీయ ఒడంబడిక జాబితాలలోని జీవులకు సంబంధించినది. గోఫర్ పాము ఆ జాబితాలలో లేదు. కనుక ఆ నమోదు తనకు అక్కరలేదని మన మిత్రుడు సంతోషించెను. దొంగచాటుగా ఓడలోనో విమానములోనో సంచిలో చుట్టి తెచ్చిన ప్రాణిని కొనుటకు జాబితాలోని ఖాళీని సాకుగా చూపుట, బి.ఎస్సీ. జంతుశాస్త్రము చదువువానికి తగిన వాదము కాదని మా అభిప్రాయము. ఆయన మా స్నేహితుడే గనుక ఇంత స్పష్టముగా వ్రాయుచున్నాము.

ఇప్పుడు ‘ఛీ’ అన్న వారి వంతు.

ఛాయాచిత్రము చూచిన నెలలోనే, వసతిగృహము వెనుక పాత గోడ కూలగొట్టిన రాళ్ళకుప్పనుండి ఒక జెర్రిపోతు బయటికి వచ్చినది. ఉర్దూ విభాగపు మిత్రులు దీనిని ధామన్ అందురు. గోఫర్ పామును, జెర్రిపోతును శాస్త్రము కొలుబ్రిడే అను ఒకే కుటుంబములో చేర్చినది. సముద్రములకు ఆవలి జ్ఞాతియన్న మాట. ఇదియును విషము లేనిదే. ఇదియును ఎలుకలను తినునదే. భయపడినప్పుడు మెడ ఉబ్బించి, గుర్రుమని గర్జించి, నాగుపామువలె కనబడుటకు ప్రయత్నించును. ఆ దినమునను అట్లే చేసినది. ఎవరో ‘నాగు, నాగు’ అని కేక వేసిరి. కఱ్ఱలు వచ్చినవి. ఆరడుగుల పాము అయిదు నిమిషములలో చచ్చినది.

అది నాగు కాదని తెలిసినవారము ఆ గుంపులో ఇద్దరము ఉంటిమి. నోరు విప్పలేదు. పదిమంది పాము పాము అని అరచుచుండగా ఆగుడని చెప్పువాడు నవ్వులపాలగునని జంకితిమి. కఱ్ఱ పట్టినవారిని ఇప్పుడు నిందించుటకు మాకు హక్కు లేదు. మాకు తెలిసినది వారికి తెలియదు. ఆ తరువాత భోజనశాలలో బియ్యపు బస్తాలకు రంధ్రములు పడినవి, బోనులు తెప్పింపవలసి వచ్చినది. ఒక పాము చావునకును ఈ రంధ్రములకును సంబంధము కలదని రుజువు చేయలేము. కాని బోనుల ఖరీదు లెక్కలలో వ్రాయునప్పుడు మా భోజనశాల కార్యదర్శికి ఆ పాము జ్ఞాపకము వచ్చెనట.

జెర్రిపోతు తోకతో కొట్టిన చోట మాంసము కుళ్ళిపోవునని, అది నాగుపాముల జాతిలోని మగదియని మన పల్లెలలో చెప్పుకొందురు. పేరులోని ‘పోతు’ అను మాటయు ఈ భ్రమకు తోడైనది. రెండు పాములు పైకి లేచి పెనవేసికొని ఆడుచుండగా అది నాగు, జెర్రిపోతుల సయ్యాటయని చూపుదురు. అవి రెండును జెర్రిపోతులే, రెండును మగవే, పోరాడుచున్నవి.

పాములనిన భయపడుట మూర్ఖత్వమని మేము అనుట లేదు. 2000 నుండి 2019 వరకు మన దేశములో పాముకాటువలన సుమారు పన్నెండు లక్షల మంది మరణించిరని పరిశోధకుల అంచనా. వారిలో ఎక్కువమంది పల్లెవాసులు. నాగు, కట్లపాము, రక్తపింజరి అను పేర్లు మన రైతుకూలీలకు కేవలము పాఠ్యపుస్తకపు మాటలు కావు. అందుచేతనే ఏది విషసర్పమో ఏది కాదో గుర్తుపట్టుట వినోదము కాదు, అవసరము. ఆ జ్ఞానము మనకు పూర్వము ఉండెడిది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు, మన ఉర్దూ మిత్రులు హలబ్ అని పిలుచు అలెప్పో నగరములో చాలకాలము వైద్యము చేసి, పిమ్మట విశాఖపట్టణమునకు వచ్చి, కోరమాండల్ తీరపు పాములను గురించి 1796లో గొప్ప గ్రంథము ప్రకటించెను. పాముల పేర్లను తెలుగువారి నోట విని అట్లే వ్రాసికొనెను. కాటుకరేకుల పొడ అను అందమైన పేరు అందులో నున్నది. ఆ పామును నేడు ప్రపంచము రస్సెల్ పేరుతోనే పిలుచుచున్నది. మన పేరు మనకే తెలియకుండ పోయినది.

కనుక కార్యవర్గము వారికి మా విన్నపము ఇది. మా జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఫార్మలిన్ సీసాలలోనున్న పాములకు లాటిన్ పేర్లు మాత్రమే గలవు. వాని క్రింద తెలుగు పేరును, ఉర్దూ పేరును వ్రాయించుటకు అనుమతి నిచ్చినచో కాగితము, సిరా మేమే తెచ్చుకొందుము. పాము కనబడినప్పుడు ఎవరిని పిలువవలెనో ఆ ఫోను సంఖ్యను వార్డెనుగారి గది తలుపు మీద అంటింపవలెను. హైదరాబాదులో 1995 నుండి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారు ఇండ్లలోనికి వచ్చిన పాములను పట్టి, అటవీశాఖ సహాయముతో అడవులలో విడిపించుచున్నారు. అటువంటి వారిని ఒకసారి కళాశాలకు ఆహ్వానించినచో, ఉపన్యాసమునకు హాజరు పట్టీ అక్కరలేకయే హాలు నిండునని హామీ ఇచ్చుచున్నాము. వసతిగృహము వెనుక దారికి ఒక దీపము కూడ కావలెను. చీకటిలో నడచువానికి జెర్రిపోతును, నాగును ఒకటే.

ధర విచారించి వచ్చిన మిత్రుడు ప్రస్తుతము ఆలోచనలో పడినాడు. ఆ డబ్బుతో దుర్భిణి కొందునని ఒకనాడు, కొననని మరియొకనాడు చెప్పుచున్నాడు. రాళ్ళకుప్ప మాత్రము ఇంకను అక్కడనే యున్నది. వర్షములు రాకముందే దానిని తీసివేయింపవలెనని కోరుచున్నాము. తీయునప్పుడు మాలో ఇద్దరము దగ్గర ఉందుము.