ఓడ రేవులో ఉన్నన్నాళ్ళు



మన ఉద్దానములో అండమాను పేరు వినని ఇల్లు లేదు. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, పలాస ప్రాంతములనుండి కూలి పనికి, చేపల వేటకు వెళ్ళి అక్కడే స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ ద్వీపములలో నూటికి పదముగ్గురు తెలుగు మాట్లాడేవారే. కొడుకునో, చెల్లెలినో చూచుటకు వెళ్ళే తల్లిదండ్రులు, పిల్లలకు ద్వీపములు చూపించాలని వెళ్ళేవారు మమ్మును ఒక మాట అడుగుచుంటారు. "అయ్యగారూ, ఓడ అక్కడ ఆగేది మూడు నాలుగు రోజులే గదా! ఏజెంటు కారులో తిప్పి చూపిస్తానంటున్నాడు. మనిషికి ఇంతని అడుగుతున్నాడు. ఇచ్చేయమంటారా?" జీడి పిక్కలు కొట్టి, పప్పు ఒలిచి కూడబెట్టిన డబ్బది. ఇవ్వనక్కరలేదని మేము చెప్పుచున్నాము. ఎందుకో, ఎట్లో ఈ నెల వ్రాయుచున్నాము.

విశాఖనుండి పోర్టు బ్లెయిరు సుమారు 1200 కిలోమీటర్లు. ఓడలో రెండున్నర, మూడు రోజులు పట్టును. ఈ ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురము అని పేరు మార్చారు గాని జనము నోట పాత పేరే ఇంకా ఉన్నది. ఓడలో అన్నిటికంటె చవక బంకు క్లాసు. విశాఖనుండి ఓడలు తరచుగా ఉండవు, తేదీలు కూడ మారుచుండును. కాబట్టి పలాసలో రైలెక్కక ముందే తేదీ రూఢి చేసుకొనండి. గుర్తింపు కార్డు ప్రతి ఒక్కరికి ఉండవలెను. ఇంకొక ముఖ్యమైన మాట. మన ప్రాంతములో కిడ్నీ జబ్బుతో బాధపడేవారు చాలామంది. డయాలసిస్ చేయించుకొనుచున్నవారు ఈ ఓడ ప్రయాణము పెట్టుకోకూడదు. ఓడలో డాక్టరు ఉన్నా ఆ యంత్రము ఉండదు.

ఇక దిగిన తరువాత సంగతి. తక్కువ ఖర్చుతో తిరగదలచినవారు దూరమైనది ముందు, దగ్గరది చివర అనే వరుస తప్పకూడదు. హేవలాక్ ద్వీపము, అనగా ఇప్పటి స్వరాజ్ ద్వీపము, సుమారు 40 కిలోమీటర్ల దూరములో ఉన్నది. ఫీనిక్స్ బే జెట్టినుండి ప్రభుత్వ పడవ వెళ్ళును, ప్రైవేటు పడవలకంటె చాలా చవక. కాని గాలివాన వస్తే పడవలు ఆపివేస్తారు. ఆ రాత్రి అక్కడే చిక్కుకుంటే, తెల్లవారి మీ ఓడ మీకొరకు ఆగదు. కాబట్టి వెళ్ళదలిస్తే మొదటి రోజుననే వెళ్ళవలెను. ఓడ రెండు రోజులే ఆగునట్లయితే ఆ ఆశ మానుకొనుట మంచిది. ఊరిలోనే చూడవలసినది చాలా ఉన్నది.

రెండవ రోజు ఊరు చూడండి. అబర్డీన్ బజారు దగ్గర బస్సు స్టాండు ఉన్నది. వండూరు, చిడియా టాపు అనే సముద్రతీరములకు అక్కడినుండి బస్సులు వెళ్ళును. తిరుగు బస్సు ఎప్పుడో దిగేటప్పుడే కండక్టరును అడిగి ఉంచుకొనండి. గడియారము అక్కడ మనదే గాని పొద్దు మాత్రము మనకంటె సుమారు అరగంట ముందుగా వాలిపోవును. శీతకాలములో అయిదు గంటలకే చీకటి పడును. కాబట్టి తెల్లవారుఝామునే బయలుదేరి సాయంత్రము తొందరగా మరలి రావలెను.

బజారునుండి సెల్యులార్ జైలుకు నడచి వెళ్ళవచ్చును. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన కట్టడము. ఏడు వరుసలలో ఇప్పుడు మూడే మిగిలినవి. 1979లో దీనిని జాతీయ స్మారకముగా ప్రకటించారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర అండమానులో ప్రవాస శిక్ష అనుభవించి, తిరిగివచ్చి, 1952లో విశాఖనుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఈ సంగతి పిల్లలకు ఆ గదుల ముందు నిలువబెట్టి చెప్పండి.

జైలుకు ఎదురుగా నీటిలో కనబడేది రాస్ ద్వీపము. 2018 డిసెంబరులో దీనికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పేరు పెట్టారు. అబర్డీన్ జెట్టినుండి పడవలో కొద్ది నిమిషములే. చుట్టు తిరుగుటకు వాహనము అక్కరలేదు, ఒక పూట నడక చాలును. 1858నుండి 1941 వరకు తెల్లదొరలు అక్కడనుండే పరిపాలించారు. 1941 జూన్‌లో భూకంపము వచ్చింది, మరుసటి సంవత్సరము జపానువారు ద్వీపములను పట్టుకున్నారు. దొరల బంగళాలు, బజారు అన్నీ పాడుపడినవి. వారు కట్టించుకున్న ప్రెస్బిటేరియన్ చర్చి గోడలు మాత్రము పైకప్పు లేకుండ నిలిచి ఉన్నవి. మర్రి ఊడలు రాళ్ళను కౌగిలించుకొని ఉన్నవి. ఆ ద్వీపములో ఖైదీలచేత పని చేయించుకున్నవారే ఆదివారము ఆ గుడిలో మోకాళ్ళూనేవారు. అక్కడ ఒక పది నిమిషములు మౌనముగా కూర్చొనండి. ఏజెంటు కారులో తొందరపెట్టి తిప్పితే ఆ పది నిమిషములు దొరకవు.

చివరి పూటకు చాతం ద్వీపము ఉంచుకొనండి. ఓడలు నిలిచే హడ్డో రేవుకు అది పక్కనే, వంతెన మీదుగా సిటీ బస్సు వెళ్ళును. 1883లో స్థాపించిన రంపపు మిల్లు అక్కడ ఉన్నది. అంత పెద్ద దుంగలు మన పిల్లలు చూచి ఉండరు. ఏ స్థలము ఏ రోజున సెలవో ముందురోజే అడిగి తెలిసికొనండి.

అడుగుటకు భయపడవద్దు. చేపల పడవలు దిగే జంగ్లీఘాట్‌లో నిలబడితే మన యాస వినబడును. తెలుగులో ఆరాధన జరిగే సంఘములును ఆ ఊరిలో ఉన్నవి. పౌలు ఎక్కిన ఓడ సీదోనులో ఆగినప్పుడు శతాధిపతియైన యూలి అతనిని స్నేహితులయొద్దకు వెళ్ళనిచ్చిన సంగతి అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయములో చదువుచున్నాము. రేవులో ఒక స్నేహితుని ఇల్లుంటే ప్రయాణికునికి అంత ఆదరణ. అయితే వారు కూలి చేసికొని బ్రతుకువారని మరువకండి. బియ్యము, చింతపండు, కొంచెము జీడిపప్పు పట్టుకొని వెళ్ళండి. వారి పని దినము పాడుచేయకుండ సాయంత్రము కలిసికొనండి.

స్వంతముగా తిరుగువారికి హద్దు తెలియవలెను. ఆదిమ తెగల స్థలములకు వెళ్ళుట 1956నుండి చట్టరీత్యా నిషేధము. జారవాలను చూపిస్తానని, ఫోటో తీయిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే దూరముగా ఉండండి. 2018 నవంబరులో ఒక అమెరికా యువకుడు సువార్త చెప్పవలెనని జాలరులకు డబ్బిచ్చి ఉత్తర సెంటినల్ ద్వీపమునకు వెళ్ళి ప్రాణము పోగొట్టుకున్నాడు. తీసికొనివెళ్ళిన జాలరులు అరెస్టు అయ్యారు. మన ప్రాంతపు పడవవాండ్రు ఇది గుర్తుంచుకోవలెను. చట్టము ఒక్కటే కారణము కాదు. బయటివారి తట్టు మొదలైన రోగములు సోకి గ్రేట్ అండమానీయుల తెగ వేలనుండి 1961 నాటికి ఇరవైమంది లోపునకు తగ్గిపోయింది. మనకు చిన్న జలుబైనది వారికి మరణము కావచ్చును. ప్రేమించేవాడు ఆ తీరమునకు దూరముగా ఉండవలెను. అట్లే పగడపు ముక్కలు పిల్లల సంచిలో వేసికొని రాకండి. ఒడ్డున చచ్చి పడినదైనా తెచ్చుట నేరమే.

ఓడ కదలవలసిన సమయమునకు ఎన్నో గంటలు ముందుగానే రేవు చేరండి. బస్సు టికెట్లకు, పడవకు, ఇడ్లీకి అయిన ఖర్చు ఒక కాగితము మీద వ్రాసి, ఏజెంటు అడిగిన మొత్తముతో పిల్లలచేత లెక్క కట్టించండి. మిగిలినది వారి చదువు పుస్తకములకు పక్కన పెట్టండి. మీ ప్రయాణములన్నిటిలో దేవుడు మీకు తోడైయుండును గాక.