నీళ్ళలో యాసిడ్, యాసిడ్‌లో నీళ్ళు

ఇంగ్లీషు రావాలంటే తరగతిలో తెలుగు వినపడకూడదన్న నమ్మకం తెలుగునాట ఎల్‌కేజీ నుంచి స్పోకెన్ ఇంగ్లీషు కోచింగుల దాకా పాతుకుపోయింది. తెలుగులో నోరు తెరిస్తే జరిమానా వేసే బడులున్నాయి. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ప్రైవేటు బడి, ఇకపై తెలుగు మాట్లాడనని రాసిన పలకలను పిల్లల మెడలో వేలాడదీసింది. పలక వేలాడదీయడం తప్పన్నవాళ్ళు చాలామంది; పలక మీది సూత్రమే తప్పన్నవాళ్ళు తక్కువ.

ఆ సూత్రం నిగ్గు తేల్చడానికి అచ్యుతాపురం మంచి చోటు. 2022 ఏప్రిల్‌లో కొత్త అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళిన ఈ మండలంలో ఇంగ్లీషు హోదా కోసం కాదు, పని కోసం కావాలి. ఇక్కడి ప్రత్యేక ఆర్థిక మండలిలో మందుల ఫ్యాక్టరీలు, టైర్ల ఫ్యాక్టరీ ఉన్నాయి. పక్కనే వెయ్యి ఎకరాల్లో శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ దుస్తుల నగరం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి షిఫ్టు బస్సుల్లో వచ్చేవాళ్ళు డ్రమ్ము మీది లేబులూ, బ్యాచ్ రికార్డూ, మెషీను మీది హెచ్చరికా చదవాలి. మాట్లాడేది తెలుగు, చదివేది ఇంగ్లీషు. ఈ రెంటి మధ్య దారి వెయ్యడమే ఇంగ్లీషు పాఠం పని.

ఒక్క వాక్యం చాలు. 'యాడ్ ది యాసిడ్ టు ది వాటర్'. కెమిస్ట్రీ ల్యాబులో మొదటి రోజే చెప్పే జాగ్రత్త ఇది: గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను నీళ్ళలోకి కొద్దికొద్దిగా పొయ్యాలి. తిరగేసి యాసిడ్‌లో నీళ్ళు పోస్తే, పుట్టే వేడికి ఆ కాసిని నీళ్ళూ సలసలా మరిగి యాసిడ్‌ను మొహం మీదికి చిమ్ముతాయి. వాక్యంలో ఉన్నవన్నీ తెలిసిన మాటలే. చిక్కు 'టు' దగ్గరుంది. తెలుగులో విభక్తి మాట వెనక వస్తుంది: నీళ్ళకి, నీళ్ళలో, నీళ్ళతో. ఇంగ్లీషులో అది మాట ముందు నిలబడుతుంది. తెలుగు చెవితో వాక్యాన్ని వరసగా విన్నవాడికి 'యాసిడ్ టు' అన్న జంట 'యాసిడ్‌కి' అని అతుక్కుంటుంది. మిగిలిన 'వాటర్'ను దానికి కలిపితే 'యాసిడ్‌కి నీళ్ళు కలుపు' అవుతుంది. పదాలన్నీ వచ్చినవాడే వాక్యాన్ని తలకిందులు చేసుకుంటాడు.

తెలుగు ముట్టని టీచరు రెండు గ్లాసులు తెచ్చి అభినయించి చూపిస్తాడు. ఆ వాక్యం వరకు అర్థమవుతుంది. మర్నాడు 'ఫ్రమ్' వస్తుంది, ఆ మర్నాడు 'విత్' వస్తుంది, చిక్కు మళ్ళీ మొదలు. తెలుగు వాడే టీచరు ఒక్క మాటంటాడు: "మన 'కి' వెనకాల వస్తుంది, వాళ్ళ 'టు' ముందొస్తుంది. 'టు' ఏ మాటకు ముందుందో ఆ మాటకే 'కి' తగిలించు." రెండు నిమిషాల పని. పైగా ఒక్క 'టు'తోనే ఆగదు, 'ఇన్', 'ఫ్రమ్', 'విత్' అన్నీ ఆ తాళంచెవికే తెరుచుకుంటాయి. రెండు భాషలూ పక్కపక్కన పెట్టకుండా ఈ సంగతి చెప్పే దారి లేదు.

'అన్‌లెస్' సంగతీ ఇంతే. ప్రెషర్ సున్నాకు వస్తే తప్ప వాల్వు తెరవొద్దని తెలుగువాడు షరతు ముందు చెప్పి నిషేధం చివర పెడతాడు. ఇంగ్లీషు నిషేధంతో మొదలుపెట్టి షరతును తోకలా తగిలిస్తుంది. 'తప్ప' అన్న ఒక్క మాట పక్కన పెడితే 'అన్‌లెస్' అక్కడికక్కడే వచ్చేస్తుంది. ఇంగ్లీషులోనే వివరించబోతే పాఠం గంట సాగుతుంది.

తెలిసిన మాట మోసం చేసే చోట్లు ఇంకా ఉన్నాయి. ఛార్జ్ అంటే ఫోనుకు పెట్టేది; రియాక్టర్ దగ్గర మాత్రం ముడిసరుకు లోపలికి వెయ్యడం. అలవెన్స్ అంటే జీతంతో వచ్చేది. కుట్టుమెషీను దగ్గర కుట్టుకు అవతల వదిలే బట్ట. 'అండర్ నైట్రోజన్' అంటే నైట్రోజన్ సిలిండర్ కింద కాదు, గాలి తగలకుండా నైట్రోజన్ నింపి ఉంచిన స్థితిలో. 'ఇన్‌ఫ్లేమబుల్' అయితే ఇంగ్లీషువాళ్ళనే తికమకపెట్టింది: మొదట్లో 'ఇన్' కనపడగానే అంటుకోనిదని తోస్తుంది, అసలు అర్థం ఇట్టే అంటుకునేదని. అందుకే ఇప్పటి లేబుళ్ళ మీద 'ఫ్లేమబుల్' అని రాస్తారు. ఇలాంటి మాటకు తెలుగులో అర్థం చెప్పడాన్ని బద్ధకమనేవాళ్ళు ఆ డ్రమ్ము పక్కన నిలబడాల్సిన అవసరం లేనివాళ్ళు.

ఇంత గట్టి నమ్మకం పుట్టిన చోటు చూస్తే నవ్వొస్తుంది. విద్యార్థి సొంత భాష ముట్టకుండా కొత్త భాషను ఆ భాషలోనే నేర్పే నేరు పద్ధతికి (డైరెక్ట్ మెథడ్) పేరు తెచ్చిన బెర్లిట్జ్ బడులు 19వ శతాబ్ది చివర అమెరికాలో మొదలైన వ్యాపార సంస్థలు. అక్కడ తొలినాళ్ళలో పాఠం చెప్పినవాడికి విద్యార్థుల భాష రాదు. ఉమ్మడి భాష లేని చోట అవసరంగా మొదలైనది తరవాత సిద్ధాంతమైంది. 1961లో ఉగాండాలోని మకెరేరేలో కామన్వెల్త్ దేశాల సమావేశం ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పాలన్న ధోరణికి అధికార ముద్ర వేసింది. భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో దాన్ని ఏకభాషా భ్రమ అన్నాడు. టీచరుకూ విద్యార్థులకూ తెలుగే ఉమ్మడి భాష అయిన తరగతిలో, ఆ భాష లేదన్నట్టు నటించడం కళ్ళుండి గంతలు కట్టుకోవడమే. ఒడిశా, బీహార్ కూలీలు కూర్చున్న తరగతి వేరు. అక్కడ తెలుగు ఒక్కటే సరిపోదు.

ఇంగ్లీషు మీడియం కోరేవాళ్ళ వాదన మాత్రం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఉన్నవాళ్ళ పిల్లలకు దొరికిన ఇంగ్లీషు పేదల పిల్లలకు, దళితుల పిల్లలకు ఎందుకు దొరకకూడదన్నది న్యాయమైన ప్రశ్న. తెలుగు గొప్పతనం మీద ఉపన్యాసాలు దానికి జవాబు కావు. ఆ ఉపన్యాసకుల పిల్లలు ఎక్కడ చదివారో అందరికీ తెలుసు. కానీ కోరిక న్యాయమైనదైతే పద్ధతి సరైనదైపోదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియం చెయ్యడానికి 81వ నంబరు జీవో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. వాదన ఎటు నడిచినా, పాఠ్యపుస్తకాలు అచ్చయ్యేసరికి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు అయ్యాయి. తెలుగు ఆసరా లేకుండా పాఠం నడవదని ఆ ఎదుటి పేజీయే ఒప్పుకుంది.

ఎంత ఎక్కువ వింటే అంత వస్తుందన్న మాటకూ హద్దుంది. అర్థమైన మాట వింటేనే వినికిడి. అర్థం కానిది రోజంతా మోగినా చప్పుడే. తొలి భాషలో గట్టిపడిన చదువు రెండో భాషకు పునాది అవుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే వాదించాడు. ఆ మాటను అంతకు చాలా ముందే ఆచరణలో పెట్టినవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడి దగ్గరి సవర పిల్లలకు తెలుగులో చదువు ఎక్కడం లేదని చూసి, తానే సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాశాడు. సవర పిల్లల మీద తెలుగు రుద్దొద్దన్న ఆయన్ని వ్యావహారిక తెలుగు కోసం మాత్రమే తలుచుకుంటారు.

తెలుగు వాడమనడం గైడు పుస్తకం చదివించమనడం కాదు. ప్రతి వాక్యానికీ కింద అనువాదం రాసుకుని బట్టీపట్టే తరగతిలో ఇంగ్లీషు పుట్టదు, తెలుగూ మిగలదు. ఉచ్చారణ, పలకరింపు, ఫోనులో మాట్లాడ్డం ఇంగ్లీషులోనే సాధన చెయ్యాలి. 'రెండేళ్ళ నుంచి'ని 'సిన్స్ టూ ఇయర్స్' అని తర్జుమా చేసేవాణ్ణి తప్పని ఆపితే చాలదు. 'నుంచి' ఇంగ్లీషులో రెండు మాటలుగా చీలుతుందని, మొదలైన రోజు చెబితే 'సిన్స్', గడిచిన కాలం చెబితే 'ఫర్' అని తెలుగులో ఒకసారి విప్పి చెప్పి, తరవాత పదిసార్లు ఇంగ్లీషులో అనిపించాలి. వాక్యం ఎక్కిందో లేదో చూడ్డానికి మళ్ళీ తెలుగే కావాలి. లేబులు గడగడా చదివినవాణ్ణి, ఇప్పుడు ఏది దేంట్లో పోస్తావో తెలుగులో చెప్పమనాలి.