తుపాకుల కుర్చీ చెప్పే పాఠం

ప్రపంచ దేశాల జెండాల పటం ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి. ఆఫ్రికా ఖండపు ఆగ్నేయ తీరాన ఉన్న మొజాంబిక్ దేశపు జెండా మీద ఒక పసుపు నక్షత్రం, దాని మీద మూడు వస్తువులు కనిపిస్తాయి. ఒకటి తెరిచిన పుస్తకం, రెండవది పార, మూడవది తుపాకీ. ఈ పటం చూసిన ఏ పిల్లవాడైనా "ఉస్తాద్, జెండా మీద తుపాకీ ఎందుకండీ?" అని అడగక మానడు. పుస్తకం చదువుకు, పార సేద్యానికి, తుపాకీ దేశరక్షణకు గుర్తులని ఆ దేశం చెప్పుకుంటుంది. 1983లో స్వీకరించిన ఆ జెండా నేటికీ మారలేదు. కాని ఆ దేశపు సామాన్య ప్రజలు మాత్రం తుపాకీ ఇచ్చి పార తెచ్చుకునే పనికి 1995లోనే పూనుకున్నారు. ఆ తుపాకుల ముక్కలతో వారి కళాకారులు కుర్చీ చేశారు, చెట్టు చేశారు.

ఈ శుక్రవారం ఆ సంగతి ముచ్చటించుకోవడానికి ఒక కారణం ఉంది. పారేసిన వస్తువులతో బొమ్మలు చేసి కూడళ్లలో, పార్కుల్లో నిలబెట్టే పద్ధతి మన ఊళ్లలోనూ పెరుగుతున్నది. తెనాలి శిల్పులు ఇనుప తుక్కుతో విగ్రహాలు చేసి పేరు తెచ్చుకున్నారు. పాత టైర్లకు రంగులు వేసి పార్కుల్లో పెడుతున్నారు. సంతోషమే. అయితే తుక్కుతో చేసిన ప్రతి బొమ్మా సమాజానికి ఏదో సందేశం ఇస్తుందనుకోవడం సరికాదు. ఎలాంటిది సందేశం ఇస్తుంది, ఎలాంటిది ఇవ్వదు అనే తేడా మొజాంబిక్ ప్రజల అనుభవంలో స్పష్టంగా కనబడుతుంది.

ఆ దేశం కథ దుఃఖంతో నిండినది. శతాబ్దాల పోర్చుగీసు పాలన మీద 1964లో సాయుధ పోరాటం మొదలైంది. 1975 జూన్ 25న స్వాతంత్ర్యం వచ్చింది. ఊపిరి తీసుకునే లోపే, 1977లో, అంతర్యుద్ధం అంటుకుంది. ఒక పక్క అధికారంలో ఉన్న ఫ్రెలిమో పార్టీ, మరో పక్క దాన్ని కూలదోయాలనుకున్న రెనామో. పొరుగున ఉన్న రొడీషియా, దాని తర్వాత దక్షిణాఫ్రికాలోని నాటి తెల్లజాతి ప్రభుత్వం రెనామోకు అండగా నిలిచాయి. ఫ్రెలిమోకు సోవియట్ కూటమి నుంచి ఆయుధాలు వచ్చాయి. 1992 అక్టోబరు 4న రోమ్ నగరంలో శాంతి ఒప్పందం కుదిరే నాటికి యుద్ధం వల్ల, యుద్ధం తెచ్చిన కరువు వల్ల సుమారు 10 లక్షల మంది ప్రాణాలు కోల్పోయారు. పలకా బలపం పట్టవలసిన పిల్లల చేతుల్లో తుపాకులు పెట్టిన యుద్ధమది.

కాగితం మీద సంతకం పడినంత మాత్రాన తుపాకీ మాయమవుతుందా? కాదు కదా! పొలంలో పాతిపెట్టిన తుపాకులు, ఇంట్లో దాచిన తుపాకులు లెక్కలేనన్ని మిగిలిపోయాయి. యుద్ధం ఆగింది గాని ఆకలి ఆగలేదు. ఆకలిగొన్నవాడి ఇంట్లో దాచిన తుపాకీ ఉంటే అది ఏదో ఒక రాత్రి బయటికి వస్తుంది. ఈ ప్రమాదాన్ని గుర్తించినవారిలో ఒకరు ఆంగ్లికన్ బిషప్ డినిస్ సెంగులానే. 1995లో ఆయన చొరవతో మొజాంబిక్ క్రైస్తవ మండలి ఒక పథకాన్ని ప్రారంభించింది. ఆయుధాలను పారలుగా మార్చడం అన్నదే దాని పేరు. మంచి పని ఎవరి చేతుల మీదుగా జరిగినా దాని నుంచి నేర్చుకోవడానికి మనకు అభ్యంతరం ఉండకూడదు.

ఆ పథకంలో బేరం చాలా సూటిగా ఉండేది. తుపాకీ తెచ్చి ఇవ్వు, బతకడానికి పనికొచ్చే వస్తువు తీసుకుని వెళ్లు. శిక్ష భయం అక్కరలేదు. పార, నాగలి, సైకిలు, కుట్టుమిషను, ఇంటి కప్పుకు రేకులు, ఎవరి అవసరాన్ని బట్టి వారికి ఇచ్చారు. ఒక ఊరివారంతా కలిసి తమ ఆయుధాలు అప్పజెప్పి ట్రాక్టరు తెచ్చుకున్నారు. ఏళ్లు గడిచే కొద్దీ ఇలా చేరిన ఆయుధాలు 6 లక్షలు దాటాయని లెక్క చెబుతారు. కుట్టుమిషను ఇంటికి తెచ్చుకున్నవాడు మళ్లీ తుపాకీ కోసం వెదకడు. ఎందుకంటే వాడికి ఇప్పుడు పోగొట్టుకోవడానికి ఒక బతుకు ఉంది.

వచ్చిన ఆయుధాలను మళ్లీ పేలకుండా మొదట పాడుచేశారు. కోసి ముక్కలు చేశారు. ఆ ముక్కల్లో కొన్నింటిని రాజధాని మపూటోలోని కళాకారుల సంఘానికి ఇచ్చారు. ఆ సంఘంలో కెస్టర్ అని పిలవబడే క్రిస్టోవావో కన్యవాటో 2001లో ఒక కుర్చీ చేశాడు. దాని కాళ్లు తుపాకులు, చేతులు తుపాకులు, కూర్చునే చోటు తుపాకీ గొట్టాలు, వీపు ఆనించే చోట పాత తుపాకుల మడమలు. దానిని ఆయుధ సింహాసనం అంటారు. ఆఫ్రికాలో గ్రామపెద్ద కూర్చునే పీఠానికి ఎంతో గౌరవం. మనుషులను చంపి అధికారం సంపాదించినవాడి పీఠం ఎలా ఉంటుందో ఆ కుర్చీ నోరు విప్పకుండా చెబుతుంది. అందులో సుఖంగా కూర్చోవడం ఎవరి వల్లా కాదు.

ఆ కుర్చీలో మరో సంగతి ఉంది. అందులోని తుపాకుల్లో ఒక్కటి కూడా మొజాంబిక్‌లో తయారైనది కాదు. పోర్చుగీసు వారివి కొన్ని, సోవియట్ రష్యా, దాని మిత్ర దేశాలలో తయారైనవి కొన్ని. అమ్మినవారు దూరాన క్షేమంగా ఉన్నారు. కొన్నవారి నాయకులకు పదవులు దక్కాయి. చచ్చింది మాత్రం పల్లెవాడు. పెద్ద పెద్ద గ్రంథాలు రాస్తే తప్ప అర్థం కాని రాజకీయం ఒక్క కుర్చీలో బడిపిల్లవాడికి కూడా అర్థమవుతుంది.

ఉర్దూలో రెండు మాటలున్నాయి. ఒకటి జీనత్, అంటే అలంకారం. రెండవది ఇబ్రత్, అంటే చూసినవాడు తన నడవడి దిద్దుకునేలా చేసే గుణపాఠం. తుక్కుతో చేసిన బొమ్మ జీనత్ కావచ్చు, ఇబ్రత్ కావచ్చు. ఏ తుక్కు, ఎవరి ఇంటి నుంచి వచ్చింది, ఏ బాధ దాని వెనుక ఉంది అన్నదానిని బట్టి ఈ తేడా వస్తుంది. బజారులో కిలోల లెక్కన కొన్న ఇనుముతో ఎంత అందమైన బొమ్మ చేసినా అది అలంకారం దగ్గరే ఆగిపోతుంది. తన చేతితో దాచిన తుపాకీని తన చేతితోనే తెచ్చి ఇచ్చిన మనిషి ఆ కుర్చీ వెనుక ఉన్నాడు కాబట్టి అది ఇబ్రత్ అయింది.

బొమ్మల సంగతి ఎత్తగానే మన ఇళ్లలో ఒక ప్రశ్న వస్తుంది. ప్రాణుల రూపాల విషయంలో మన ఉలమాల అభిప్రాయం అందరికీ తెలిసిందే, దానిని ఇక్కడ తిరగదోడనక్కరలేదు. కుర్చీ ప్రాణి కాదు. నగిషీకి, లతలకు, అక్షరాలకు మన సంప్రదాయంలో ఎప్పుడూ చోటుంది. కాబట్టి మార్గం మూసుకుపోలేదు. దారిలో బాటసారికి బాధ కలిగించే వస్తువును తీసివేయడం కూడా దానమేనని దైవప్రవక్త (స) బోధించారు. ఆకలిగొన్న ఊరి దారుల నుంచి తుపాకీని తీసివేయడం కన్నా పెద్ద దానం ఏముంటుంది?

ఇక చేదు నిజాలు కూడా చెప్పుకోవాలి. సింహాసనాన్ని 2002లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం కొన్నది. తర్వాత నలుగురు కళాకారులు అవే ఆయుధాల ముక్కలతో మూడున్నర మీటర్ల ఎత్తు, సుమారు అరటన్ను బరువున్న జీవవృక్షాన్ని చేశారు. అదీ 2005లో లండన్ చేరింది. సింహాసనాన్ని బ్రిటన్‌లో బడులకు, చర్చిలకు, జైలుకు కూడా తీసుకెళ్లి చూపించారు. మంచిదే. కాని తుపాకీ ఇచ్చిన పల్లె మనిషి విమానమెక్కి వెళ్లి దానిని చూడగలడా? కళ లండన్ చేరింది, పార పల్లెలో ఉండిపోయింది. ఆ రెండింటిలో ఆ మనిషి బతుకును మార్చింది ఏదో వేరే చెప్పనక్కరలేదు.

మరో చేదు నిజం. 2013లో రెనామో, ప్రభుత్వం మళ్లీ తలపడ్డాయి. 2019 ఆగస్టులో కొత్త ఒప్పందం అవసరమైంది. 2017 అక్టోబరు నుంచి ఉత్తరాన కాబో డెల్గాడో రాష్ట్రంలో మరో మంట రగిలింది. అక్కడ అధిక సంఖ్యాకులు ముస్లిములు. కెంపుల గనులు, సముద్ర గర్భంలో గ్యాసు ఉన్నా జనం మాత్రం నిరుపేదలు. ఇస్లాం పేరు చెప్పుకునే ఒక సాయుధ ముఠా అక్కడ పల్లెలు తగలబెట్టింది, తలలు నరికింది, లక్షలాది మందిని ఇళ్ల నుంచి తరిమివేసింది. ఆ ముఠా మొదట గొడవపడింది అక్కడి మసీదుల పెద్దలతోనే. చచ్చినవారిలో కలిమా చదివినవారు ఎందరో. ఈ మాట మన పేజీలో మనమే స్పష్టంగా చెప్పాలి. ధర్మం పేరు పెట్టినంత మాత్రాన తుపాకీ ధర్మం కాదు.

అలాగైతే ఆ కుర్చీ, ఆ చెట్టు వృథాయేనా? ఎంతమాత్రం కాదు. ఒక బొమ్మ యుద్ధాన్ని ఆపుతుందని ఎవరూ అనలేదు. పార, కుట్టుమిషను చేరిన ఇంట్లో తుపాకీకి పని తగ్గింది. ఉత్తరాదిన ఉపాధి చేరని చోట, న్యాయం అందని చోట తుపాకీ తిరిగి వచ్చింది. అంటే పథకం చెప్పిన మాటే మరోసారి రుజువైంది. ముందు పార, తర్వాత కుర్చీ. మనిషి అవసరం తీరిన తర్వాత చేసిన కళ సాక్ష్యం చెబుతుంది. అవసరం తీర్చకుండా నిలబెట్టిన కళ ప్రదర్శనగా మిగులుతుంది.

సోదరులారా, సోదరీమణులారా! ఈ కొలబద్దను మన వీధికి తెచ్చుకుందాం. మన మొహల్లాలలో తుపాకులు లేవు, అల్లాహ్‌కు కృతజ్ఞతలు. కాని మన బతుకులను నమిలేస్తున్న వస్తువులు ఇతరమైనవి ఉన్నాయి. పొద్దున్నే వాకిలి ఊడ్చే తల్లిని అడగండి, చీపురుకు ఏం తగులుతున్నదో. గుట్కా పొట్లాలు, మద్యం సీసాలు, వలీమా విందు మర్నాడు గుట్టలుగా పడే ప్లాస్టిక్ గ్లాసులు. వీటిని ఏరి గోడకు అంటించి రంగు వేస్తే ఫోటో బాగా వస్తుంది. గుట్కా నమిలేవాడు ఆ గోడ పక్కనే నిలబడి ఇంకో పొట్లం చింపుతాడు.

దీనికి బదులు ఇలా చేస్తే ఎలా ఉంటుంది? మెకానిక్ షాపులో పన్నెండేళ్ల కుర్రవాడు పని చేస్తుంటాడు. వాడి సంపాదన లేకపోతే ఇల్లు గడవదని తల్లి అంటుంది. మొహల్లా పెద్దలు నలుగురు కూర్చుని ఆ ఇంటికి నెలకింత అని జకాత్ నుంచో చందా నుంచో ఏర్పాటు చేసి, కుర్రవాడిని బడిలో చేర్పించాలి. షాపు యజమానిని అడిగి వాడి చేతిలో అరిగిపోయిన ఒక పాత పానా తెచ్చుకోవాలి. పదిమంది పిల్లలు బడికి చేరితే పది పానాలు. వాటిని వెల్డింగు చేయించి ఒక బల్ల చేయించండి, బడి గుమ్మం ముందు వేయించండి. అదే విధంగా గుట్కా మానినవాడిని వైద్యుని వద్దకు తీసుకుపోయి, ఏదో ఒక పని చూపించి, అప్పుడు వాడి ఆఖరి పొట్లం తీసుకోండి. ఆ బల్ల మీద కూర్చునే ప్రతివాడూ అడుగుతాడు, ఈ పానాలు ఎవరివని. చెప్పడానికి మన దగ్గర పది పేర్లుంటాయి, పది చదువులుంటాయి.

ఇందులో కళాకారుని పని తక్కువదేమీ కాదు. అతడు లేకపోతే ఆ పానాలు మళ్లీ తుక్కు దుకాణానికే చేరతాయి, జరిగిన మేలును ఊరు నాలుగేళ్లలో మరిచిపోతుంది. ఊరి జ్ఞాపకాన్ని నిలబెట్టేవాడు అతడే. అయితే అతడికి ముక్కలు అందించే బాధ్యత మనది. ముక్కలు ఏరడం సులువు, ఆ ముక్క పట్టుకున్న చేతిని విడిపించడం కష్టం.

జుమా నమాజు తర్వాత మసీదు మెట్ల మీద నిలబడి ఈ వారం ఒక్క లెక్క వేయండి. మన వీధిలో బడికి వెళ్లవలసిన వయసులో పనికి వెళ్తున్న పిల్లలు ఎందరు? ఆ లెక్క తేలిన తర్వాత బల్ల ఎంత పొడవు చేయించాలో అదే తెలుస్తుంది. ఆలోచించండి.