పదిమంది ఉన్నారా మనకు?



సెలవుల్లో పిల్లకాయల్ని కొచ్చి దగ్గర మట్టాంచేరికీ, చేందమంగలానికీ తీసుకుపోయినందుకు గ్రూపులో వారం దినాలుగా ఒకటే గలాటా. "ఎవరిదో యూదుల గుడి మన పిల్లలకెందుకు? తిరుపతి చూపించరాదా?" అని కొందరు. "ఆ డబ్బుతో వాటర్ పార్కుకి పోయుంటే సంతోషపడేవాళ్ళు" అని ఇంకొందరు. రైల్వే గుమాస్తాగా బతికినవాణ్ణి, లెక్క తేలకుండా ఫైలు మూసే అలవాటు నాకు లేదు. అందుకే ఈ జవాబు.

సుమారు వెయ్యేళ్ళ క్రితం చేర రాజు భాస్కర రవివర్మ, జోసఫ్ రబ్బాన్ అనే యూదుడికి రాగి రేకుల మీద హక్కులు రాసిచ్చాడు. చేందమంగలంలో సారా అనే ఆమె సమాధి రాయి 1269 నాటిది, దాని మీద హీబ్రూ రాత ఉంది. మట్టాంచేరి పరదేశి సినగాగ్ కట్టింది 1568లో. మదురైలో నాయకుల పాలన మొదలైందే 1529లో. అంటే ఈ నేలమీద వాళ్ళ వేరు మన నాయకుల కాలం కన్నా లోతు.

అలాంటివాళ్ళు ఇప్పుడెక్కడ? ఎక్కువమంది 1950లలో ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. కేరళలో ఇరుగుపొరుగు వాళ్ళని తరమలేదు, తామే కోరి పోయారు. పరవూరు, చేందమంగలం సినగాగ్‌లు నేడు మ్యూజియంలు. యూదుల పద్ధతిలో సామూహిక ప్రార్థనకు పదిమంది మగవాళ్ళు కూడాలి. మట్టాంచేరిలో చైనా పలకలున్నాయి, వేలాడే దీపాలున్నాయి. ఊరివాళ్ళలో ఆ పదిమందే లేరు. మన పిల్లలు చూసొచ్చింది ఇదే. శత్రువు లేకుండా కూడా ఇల్లు మ్యూజియం అవుతుందని చూసొచ్చారు.

మనవాళ్ళు నోరు తెరిస్తే 2006 చట్టాన్ని తిడతారు. తమిళం తప్పనిసరి కావడంతో బడిలో తెలుగుకు చోటు తగ్గిన మాట నిజమే, దానికోసం అడగాల్సిందే. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తమిళమే నాకు కూడు పెట్టింది, దానిమీద నాకు కోపం లేదు. గూడూరు, రేణిగుంట స్టేషన్ల పేరు పలకలు చూసి తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నాను. ఏ చట్టమూ నన్ను ఆపలేదు. వంటింట్లో పిల్లతో తెలుగు మాట్లాడవద్దని ఏ జీవో వచ్చింది చెప్పండి?

1881లో జెరూసలేం చేరిన బెన్ యెహూదా అనే ఆయన ఇంట్లో హీబ్రూ తప్ప వేరే మాట వద్దన్నాడు. మరుసటేడు పుట్టిన కొడుకుతో అదే మాట్లాడాడు. వాళ్ళకు గ్రంథాలున్నాయి, ప్రార్థనలున్నాయి, ఇంటి మాటే లేదు. మనది తలకిందులు. కోయంబత్తూరులో, మదురైలో మన ఇళ్ళలో మాట ఇంకా ఉంది, చేతిలో అక్షరం లేదు. కొచ్చి యూదుల ఆడవాళ్ళు తమ మలయాళం పాటల్ని నోటుబుక్కుల్లో రాసుకుని సముద్రం దాటించారు. మన అవ్వల పెళ్ళి పాటలు ఏ నోటుబుక్కులో ఉన్నాయి? అవ్వ పోతే పాటా పోతుంది.

తిరుపతికీ పోదాం, ఎవరు వద్దన్నారు? కానీ అక్కడి తెలుగు బోర్డు చదవలేని పిల్లకు అదీ ఒక మ్యూజియమే.

అందుకని సంఘానికి నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఉగాదికి స్టేజీకి, లైట్లకు, శాలువాలకు ఖర్చు పెట్టే ముందు, మన ప్రతి పేటలోనూ తెలుగు చదవగల పదిమంది పిల్లల్ని చూపించండి. మగపిల్లలే కానక్కర్లేదు. ఆదివారం ఒక గంట చాలు. వచ్చే ఉగాదికి పంచాంగం వాళ్ళచేత చదివిద్దాం. నేర్పడానికి నేనున్నాను, జీతం వద్దు.

ఈ పోస్టుకు లైకులు, దండాలు పెట్టకండి. మీ ఇంటి పిల్లల పేర్లు సంఘం ఆఫీసులో ఇవ్వండి. ఏ పేటలో పది పేర్లు చేరితే అక్కడ మొదలుపెడదాం. చేరకపోతే ఆ సంగతి కూడా ఇక్కడే రాస్తాను, అందరూ చదువుదురు గాని.