వెనుకకు లాగిన బండి

వెనుకకు కొంచెము లాగి విడిచినంతనే ముందునకు దూసుకొనిపోవు బొమ్మకారును ఎరుగని పిల్లలు నేడు కానరారు. తిరునాళ్ళలోని అంగడి మొదలుకొని పట్టణములోని పెద్ద దుకాణము వరకు అంతటను అది దొరకును. నున్నని గచ్చుపై దాని పరుగు చూడ ముచ్చటగా నుండును. అదే కారును పెరటిలోని మట్టిపైకి తెచ్చినచో నాలుగు జానలు పోకమునుపే ఆగిపోవును. కొందరు పిల్లలు దానిని మూలకు గిరవాటు వైచి వేరొకదానికై పేచీ పెట్టుదురు. కొందరు మాత్రము ఇది మట్టిపై ఏల నడువదని దానిని తిరుగవేసి చూతురు. ఈ రెండవ తెగవారికి విడదీసి మరల కూర్చుటకు వీలైన ఇటుకల పెట్టె నొకదానిని ఇచ్చుట మంచిది. ఇచ్చిన పిమ్మట పెద్దలు కొంత దూరముగా కూర్చుండుట మరియు మంచిది.

ఈ ఇటుకలు ఇల్లు కట్టు ఇటుకలు కావు. డెన్మార్కు దేశములోని బిల్లుండ్ అను ఊరిలో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయుట మొదలిడెను. 1934లో తన పనికి లెగో అని పేరు పెట్టెను. 'బాగుగా ఆడుము' అను అర్థమిచ్చు రెండు డేనిష్ మాటలను కుదించి కూర్చిన పేరది. 1949లో ఆ కర్మాగారమునుండి ఒకదానిపై నొకటి అమరు ప్లాస్టిక్ ఇటుకలు వెలువడెను. ఆ ఊహ పూర్తిగా వారిది కాదు; ఇంగ్లండులో హిలరీ పేజ్ అంతకుముందే చేసిన ఇటుకలను చూచి వారు మార్పులు చేసికొనిరి. తొలినాటి ఇటుకలు లోపల బోలుగా నుండి, పట్టు చాలక ఊడిపోవుచుండెను. ఓలే కుమారుడు గాట్‌ఫ్రెడ్ వాని లోపల గొట్టములు అమర్చు ఉపాయమునకు 1958 జనవరి 28న పేటెంటు కోరెను. నాటి ఇటుక నేటి ఇటుకతో ఇప్పటికిని చక్కగా అతుకును. చక్రములు 1962లో వచ్చెను. ఇరుసులు, పళ్ళచక్రములు, రంధ్రములు గల కడ్డీలు ముఖ్యముగా గల టెక్నిక్ అను వరుస 1977లో ఆరంభమయ్యెను.

ఎనిమిది బొడిపెలు గల ఒకే రంగు ఇటుకలు రెండింటిని 24 విధములుగా అతుకవచ్చును. మూడింటిని 1,060 విధములుగా అతుకవచ్చును. ఆరు ఇటుకలైనచో ఆ సంఖ్య 91,51,03,765. కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయ గణితజ్ఞుడు సోరెన్ ఐలర్స్ కంప్యూటరు సాయమున దీనిని లెక్కించెను. అంతకుముందు చెప్పుచుండిన సంఖ్య ఇంతకన్న చాల చిన్నది. అది ఆరు ఇటుకల ఎత్తుగల గోపురములను మాత్రమే లెక్కించినది. పెట్టెతో వచ్చు చిన్న పుస్తకము చూపునది ఇన్ని కోట్లలో ఒక్కటి.

కారునకు ప్రాణము మోటారు. దీనికి విద్యుత్తు అక్కరలేదు. గడియారములో వలె చుట్టుగా చుట్టిన సన్నని ఉక్కు రేకు, కొన్ని పళ్ళచక్రములు, ఇంతే దాని సామగ్రి. కారును వెనుకకు లాగునపుడు చక్రములు తిరిగి ఆ రేకును బిగించును. విడిచినపుడు రేకు సడలుచు చక్రములను ముందునకు త్రిప్పును. బిగింపు ఒక వరుస పళ్ళచక్రములద్వారా, సడలింపు మరియొక వరుసద్వారా జరుగును. ఒక చిన్న చక్రము తన గాడిలో ఇటునటు జరిగి ఈ మార్పు చేయును. అందుచేతనే జానెడు లాగిన కారు బారలకొలది పోవును. దీనిలో మాయ లేదు. లాగునపుడు చేయి గట్టిగా పట్టవలసి వచ్చును. పరుగెత్తునపుడు కారు తోయు బలము స్వల్పము. దూరము లాభించినంత బలము నష్టపడును. మరీ వెనుకకు లాగినచో టకటకమను చప్పుడు వచ్చును. రేకు తెగకుండ లోపలి బిగింపు జారుచున్నదనుటకు అది గుర్తు.

ఇక ఈ మోటారుతో గచ్చుపై గాక గడ్డిలో, ఇసుకలో, గులకరాళ్ళపై నడుచు కారును నిర్మింపవలెనని ఒక బాలిక పూనుకొన్నదనుకొందము. ఆమెకు తొలుత తోచునది పెద్ద చక్రములు. ఆ ఆలోచన తప్పు గాదు. మన ఎడ్లబండి చక్రము నిలువెత్తుకు దగ్గరగా నుండుటకు కారణమదియే. పెద్ద చక్రము గుంటలో కూరుకొనక దాటును, రాతినెక్కును. కాని ఎడ్లబండిని ఎడ్లు లాగును. ఈ కారులో చక్రమే నేలను త్రోయవలెను. చక్రపు వ్యాసము రెండింతలైనచో అదే మోటారు నేలను త్రోయు బలము సగమగును. ఇసుకలో పెట్టినంతనే కారు మూలిగి నిలుచును. చిన్న చక్రము పెట్టినచో బలము మిగులును గాని కారు పొట్ట రాళ్ళకు తగులును. ఈ రెండింటి నడుమ తన పెరటికి తగిన కొలతను ఆమె వెదకుకొనవలెను. ఆ కొలత ఏ పుస్తకములోను లేదు, ఏలయన ఆ పెరడు ఏ పుస్తకములోను లేదు.

పిదప బరువు సంగతి. మోటారు వెనుక చక్రములను త్రిప్పుచుండగా బరువంతయు ముందుండినచో వెనుక టైర్లు నేలను పట్టక ఊరక తిరుగును. బరువంతయు వెనుకకు చేర్చినచో విడిచినంతనే ముందుభాగము గుఱ్ఱమువలె పైకి లేచును. ముందు ఇరుసును బిగించి కట్టినచో ఒక చక్రము రాతినెక్కగనే మరియొకటి గాలిలో తేలును. పొలములో తిరుగు ట్రాక్టరును గమనించిన పిల్లలకు దీనికి విరుగుడు తెలియును. దాని ముందు ఇరుసు మధ్యనున్న కీలుపై ఊగుచుండును. కారునందు అట్టి కీలునకు ఒక్క చీల చాలును.

అన్నింటికన్న రుచిగల చిక్కు పళ్ళచక్రములది. చక్రములకు బలము హెచ్చవలెనన్నచో మోటారు ఇరుసునకు 8 పళ్ళ చక్రమును, బండి ఇరుసునకు 24 పళ్ళ చక్రమును అమర్చవచ్చును. రాపిడి మింగినది పోగా బలము ఇంచుమించు మూడింతలగును. పరుగు మూడవ వంతునకు తగ్గును. బాలిక ఇంతవరకు సరిగానే లెక్కవేసినది. కారును వెనుకకు లాగినది, రేకు బిగియలేదు. ముందునకు త్రోసినది, బిగిసినది. చేయి తీసినంతనే కారు వెనుకకు పరుగెత్తినది! పళ్ళు కలిసిన రెండు చక్రములు ఎల్లప్పుడు ఎదురెదురు దిక్కులకు తిరుగుననునది ఆమె పాఠములో చదివియే యున్నది. ఇప్పుడది చేతికి తెలిసినది. మోటారును వెనుకది ముందుగా త్రిప్పి పెట్టుట ఒక ఉపాయము. నడుమ మూడవ చక్రము చేర్చుట మరియొకటి. ఏది మేలో ఆమెయే తేల్చుకొనును. ప్రక్కనున్న తండ్రి 'ఇటు తెమ్ము' అని దానిని లాగికొనుట న్యాయము కాదు. అట్లు చేసినచో కారు త్వరగా తయారగును; ఆ సాయంకాలము మాత్రము వ్యర్థమగును.

చిన్న పుస్తకమును చూచి కట్టుట తక్కువ పని యని కొందరందురు. అది తొందరపాటు. దస్తూరి తిన్నగా రావలెనన్న మొదట ఎవరో వ్రాసిన అక్షరములపై దిద్దవలసినదే. పుస్తకము ననుసరించి కట్టిన పిల్లలకు కీలు ఎట్లుండునో, కడ్డీని ఎక్కడ బిగింపవలెనో తెలియును. అయితే అట్లు కట్టిన కారును అద్దాల బీరువాలో పెట్టి, ముట్టుకొనవద్దని తాళము వేయు ఇండ్లున్నవి. దిద్దించిన పలకను దాచిపెట్టి బలపమును లాగికొనుట వంటిదిది. ఒకసారి చెప్పినట్లు కట్టవలెను, పిదప విప్పవలెను. విప్పినపుడు కొన్ని ముక్కలు మంచముక్రిందికి పోవును, పోనిండు.

తెలుగుపల్లెల పిల్లలకు ఈ విద్య క్రొత్తది గాదు. వేసవిలో ముంజెలు తిని, మిగిలిన తాటిబుఱ్ఱలు రెండింటిని ఒక పుల్లకు గ్రుచ్చి, పంగలకఱ్ఱతో త్రోయుచు పొలముగట్లపై పరుగెత్తినవారు ఎందరో గలరు. పాత చెప్పుల రబ్బరును గుండ్రముగా కోసి చక్రములు చేసినవారును గలరు. ఆ బండ్లకు పుస్తకము లేదు, వెల లేదు. ఇటుకల పెట్టెకు వెల గలదు. అది చాల ఇండ్లకు అందని వెల. ఈ మాటను దాటవేసి ఇటుకలను పొగడుట తగదు. మోటారు వరకైనచో విరిగిన చవుక కారునుండి తీసి, అట్టపెట్టెలో బిగించి, చెప్పురబ్బరు చక్రములతో నడుపవచ్చును. పైన చెప్పిన లెక్కలన్నియు దానికిని వర్తించును. కాని అట్టకు జిగురు పూసిన పిమ్మట తప్పు తెలిసినచో అట్ట చినుగును. మేకు కొట్టిన కొయ్య పగులును. ఇటుకకు ఆ బెడద లేదు. పదిమార్లు తప్పినను పదునొకండవమారు అదే సామగ్రి చేతిలో నుండును. దాని వెలలో నిజముగా కొనదగినది ఈ ఒక్క గుణమే. ఇంటికొక పెట్టె కుదరనిచో బడికి రెండు పెట్టెలు కుదురవచ్చును. ప్రయోగశాలలోని త్రాసువలె, గ్రంథాలయములోని పుస్తకమువలె అవి చేతులు మారుచుండవలెను.

బడి మాట వచ్చినది గనుక వైజ్ఞానిక ప్రదర్శనల మాటయు చెప్పక తప్పదు. పిల్లల పేర పెద్దలు చేసిన నమూనాలు, దుకాణములో కొని తెచ్చిన నమూనాలు బల్లలపై మెఱయుచుండుట అందరు ఎరిగినదే. వానియందు తప్పులుండవు, అందుచే అడుగుటకును ఏమియు నుండదు. ఇట్టి కార్ల పోటీ పెట్టదలచిన ఉపాధ్యాయులు బల్లను తీసివేయుదురు గాక. ఆటస్థలములో మూడు బాటలు గీయవలెను: ఒకటి ఇసుక, ఒకటి గడ్డి, ఒకటి గులకరాళ్ళు. ప్రతి కారును మూడింటిపై విడిచి, పోయిన దూరమును టేపుతో కొలిచి పలకపై వ్రాయవలెను. పిమ్మట ఒక గంట వ్యవధి యిచ్చి, పిల్లలచేతనే కార్లను విప్పించి, మార్పించి, మరల పరుగెత్తింపవలెను. ఏమి మార్చితివి, ఏల మార్చితివి యని ఒక్కొక్కరిని అడుగవలెను. మొదటి దూరమునకు, రెండవ దూరమునకు గల భేదమును చూచి మార్కులు వేయవలెను.