మనకూ ఓ వేషం

వినాయక చవితి వచ్చిందంటే కాణిపాకంలో 21 రోజులు బ్రహ్మోత్సవాలు. హంస, నెమలి, మూషిక, శేష వాహనాలు ఒకదాని తర్వాత ఒకటి వీధుల్లోకి వస్తాయి. చుట్టుపక్కల ఊళ్ళ ఉభయదారులు ఎవరి వంతు సేవ వాళ్ళు చేయించుకుంటారు. అదే సమయంలో ఐరాల, పూతలపట్టు, తవణంపల్లె దిక్కు ఊళ్ళలో కుర్రాళ్ళు చందాలు పోగేసి పందిళ్ళు వేస్తారు. గుడిలో స్వామి బావినీళ్ళ మధ్య స్వయంభువుగా వెలసినవాడు. పందిట్లో స్వామి మాత్రం ఏటికేడు కొత్త రూపంలో వస్తాడు. ‘బాహుబలి’ వచ్చాక తెలుగునాట ఎన్ని పందిళ్ళలో శివలింగాన్ని భుజానికెత్తుకున్నాడో లెక్కలేదు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ తర్వాత విల్లు పట్టి అల్లూరి అయ్యాడు. ‘పుష్ప’ తర్వాత గడ్డం కింద చెయ్యి తిప్పాడు.

దీని మీద ఏటా వాదన జరుగుతూనే ఉంటుంది. దేవుడికి హీరో వేషం ఏమిటని పెద్దలు నొచ్చుకుంటారు. ఆ నొప్పి అర్థం చేసుకోదగినదే. పిల్లలదీ తీసిపారేసే మాట కాదు. వాళ్ళకు ఆ సినిమా ప్రాణం. ఆ కథ తమ వీధికి రావాలని, వారం రోజులైనా తాము అందులో బతకాలని వాళ్ళ కోరిక. వెదురుబొంగులు, థర్మాకోల్, రంగుగుడ్డ, సీరియల్ లైట్లు, రాత్రి రెండింటి దాకా మేలుకునే నలుగురైదుగురు స్నేహితులు. ఇంతే పెట్టుబడితో ‘బాహుబలి’ మాహిష్మతి కోటగోడ ఒకటి లేస్తుంది. వేల కోట్లు పోసి ప్రపంచంలో ఎక్కడెక్కడో కడుతున్న సినిమా లోకాలకు, ఈ పందిరికి పుట్టుక ఒక్కటే. తెర మీద చూసింది చాలక లోపలికి వెళ్ళాలనుకునే మనసు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన మన ఊరి పెద్దల ఫోన్లలో డిస్నీ ఫొటోలు ఇప్పుడు మామూలే. 1955లో కాలిఫోర్నియాలో మొదలైన డిస్నీలాండ్ దగ్గర్నుంచి ఈ వినోద ఉద్యానాలు పెరుగుతూనే ఉన్నాయి. ఈమధ్య ఆ పెరుగుదల చాలామటుకు సినిమాల పేరుమీదే. 2010లో ఓర్లాండోలో హ్యారీ పోటర్ ఊరు, 2017లో ‘అవతార్’ పండోరా, 2019లో ‘స్టార్ వార్స్’ లోకం, 2025లో యూనివర్సల్ వాళ్ళ ‘ఎపిక్ యూనివర్స్’. కొత్తది వస్తుందంటే అభిమానులందరూ ఎగిరి గంతేస్తారనుకుంటాం. అలా జరగడం లేదు. ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1971 నుంచి పారుతున్న ఒక కృత్రిమ నదిని, దానిలోని దీవిని, ఆవిరి పడవను 2025 జులైలో మూసేశారు. ఆ చోట ‘కార్స్’ సినిమా లోకం కడతారట. చివరి రోజుల్లో ఆ పడవెక్కడానికి జనం బారులు తీరారు. కొత్త సినిమా మీద వాళ్ళకు ద్వేషమేమీ లేదు. చిన్నప్పుడు అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని తిరిగిన ఒడ్డు అది. కట్టిన కంపెనీకి అది వాడకం తగ్గిన స్థలం కావచ్చు, వాళ్ళకు మాత్రం సొంత ఊరి చెరువుగట్టు లాంటిది.

‘స్టార్ వార్స్’ లోకం సంగతి ఇంకా ఆలోచించదగ్గది. 14 ఎకరాల్లో ఎంతో శ్రద్ధగా కట్టారు. కానీ సినిమాల్లో లేని ఒక కొత్త గ్రహాన్ని కల్పించి, కథాకాలాన్ని కొత్త సినిమాల దగ్గర ఆపేశారు. తరతరాలుగా జనం గుండెల్లో ఉన్న పాత పాత్రల్లో చాలావాటికి అందులో చోటు లేకుండా పోయింది. ఊరంతా ఉంది, చుట్టాలు లేరన్నట్టు అభిమానులు ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చారు. కాలిఫోర్నియాలో ఆ పాత పాత్రలనూ తెస్తామని 2025లో సంస్థ ప్రకటించింది. అన్ని ఎకరాలు, అంత హంగు చూశాక కూడా అభిమాని వెతుక్కున్నది తనకు తెలిసిన ముఖాన్నే.

మన దగ్గరికి వద్దాం. 1957లో ‘మాయాబజార్’ కోసం మద్రాసు విజయా వాహినీ స్టూడియోలో ద్వారకా నగరాన్ని బొమ్మగా కట్టారు. 50 అడుగులకు 60 అడుగుల చోటులో అట్టలతో సుమారు 300 బుల్లి ఇళ్ళు, ప్రతి ఇంట్లో ఒక దీపం. గోఖలే, కళాధర్‌ల కళ, మార్కస్ బార్ట్లే కెమెరా. ఆ వెన్నెల చూడని తెలుగు ఇల్లు ఉంటుందా? వడపళనిలో ఆ స్టూడియో ఉన్న నేల మీద ఇప్పుడు ఆసుపత్రి, షాపింగ్ మాల్ ఉన్నాయి. ఆసుపత్రి ప్రాణాలు నిలుపుతోంది, దానికి చేతులెత్తి మొక్కాలి. అయినా ‘ఇదిగో, ఘటోత్కచుడు ఇక్కడే నిలబడ్డాడు’ అని మనవడికి చూపించడానికి తెలుగువాడికి అక్కడ అడుగు చోటు లేకపోవడం బాధగానే ఉంటుంది. షూటింగు అయిపోగానే సెట్టు విప్పి, చెక్క ఒక పక్క, మేకులు ఒక పక్క పోసి, తర్వాతి సినిమాకు వాడుకోవడమే అప్పటి పద్ధతి. అందుకు ఎవరినీ తప్పుపట్టలేం.

ఆ పద్ధతి మారిన చోటు రామోజీ ఫిల్మ్ సిటీ. 1996లో మొదలైంది. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్‌కెక్కింది. 2015, 2017 ‘బాహుబలి’ సినిమాల కోసం సాబు సిరిల్ ఆధ్వర్యంలో కట్టిన మాహిష్మతిలో కొంత భాగాన్ని విప్పకుండా ఉంచి, చూసేవాళ్ళకు తెరిచారు. మన చిత్తూరు నుంచి బస్సు కట్టుకుని వెళ్ళేవాళ్ళు తక్కువేమీ కాదు. అక్కడ ఎవరైనా మొదట చేసే పని ఒకటుంది. కొండంత రాతి స్తంభం దగ్గరికి వెళ్ళి వేళ్ళతో తట్టి చూస్తారు. లోపలి నుంచి డొల్ల చప్పుడు వస్తుంది. ఒకసారి అలా తట్టిన అవ్వను పక్కనున్న పిల్లాడు అడిగాడు, “అవ్వా, ఇదంతా ఉత్తదేనా?” అవ్వ గోడ మీద ఇంకోసారి చెయ్యి వేసి, “ఉత్తదైతే ఏమి నాయినా, చూసినంతసేపూ నిజమే గదా. పోయి ఆడ నిలబడు, ఫొటో తీస్తా” అంది. వాడు పోయి రెండు కాళ్ళు ఎడంగా పెట్టి, లేని కత్తిని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. వాడికి అరిగిపోయిన రంగు కనబడలేదు, పెచ్చులూడిన అంచు కనబడలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో వినిపించేవి కూడా సరైన అభిప్రాయాలే. చూడ్డమే తప్ప మనం చేసేది ఏమీ లేదంటారు కొందరు. నలుగురున్న ఇంటికి టికెట్లే తడిసి మోపెడవుతాయంటారు ఇంకొందరు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ సెట్టు కూడా పెట్టాలని కుర్రాళ్ళ పట్టు. మొదటి మాట దగ్గర కాస్త ఆగాలి. సింహాసనం పక్కన నిలబడి ఫొటో దిగాక ఆ పిల్లాడికి ఇక పని లేదు. కథ వాణ్ణి గడప దాకా పిలిచి, లోపలికి రమ్మనలేదు.

లోపలికి రమ్మనే విద్య మనకు తెలియనిదేమీ కాదు. కాణిపాకం నుంచి రెండు గంటల లోపు ప్రయాణంలో, తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ దగ్గర ఏటా మే నెలలో అది జరుగుతుంది. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ వేషాలు మార్చిందని కథ. భక్తులు ఆ వెతుకులాటను ఒంటి మీద వేసుకుంటారు. బైరాగి వేషం నాడు ఒళ్ళంతా తెల్లసుద్ద. బండ వేషం నాడు కుంకుమ, నోరారా తిట్లు. తోటి వేషం నాడు బొగ్గుపొడి, వేపాకు. దొర వేషం నాడు గంధం. ఆ వేషంలోనే పాలెగాడు దొరికి తల తెగిందంటారు. మాతంగి వేషం నాడు మీసాలున్న మగవాళ్ళు చీర కట్టి, జడలు అల్లించుకుని, గాజులు వేసుకుని బయల్దేరతారు. చివర్న అమ్మవారి మట్టి విశ్వరూపం చెంప నరికినప్పుడు ఆ మట్టి చిటికెడైనా దక్కాలని జనం ఎగబడతారు. దీనికి టికెట్టు లేదు. చూసేవాడు, వేసేవాడు అని రెండు జాతులు లేవు. నిన్న అరుగు మీద కూర్చుని చూసినవాడు ఇవాళ మసి పూసుకుని వీధిలో ఉంటాడు.

2024 డిసెంబరు 5న వచ్చిన ‘పుష్ప 2’ ఈ జాతరనే ప్రపంచమంతా చూసేలా చేసింది. కథ మన శేషాచలానిది, మాట మన చిత్తూరు యాసది. తెర మీది అడవిలో కొంత భాగం మాత్రం మారేడుమిల్లిది, జాతర సెట్టు వేసి తీసింది. సినిమాకు అది అవసరం, అందులో తప్పులేదు. ఆ సినిమా చూసి జాతరకు వచ్చే కొత్తవాళ్ళను మనం మనసారా ఆహ్వానించాలి. అల్లు అర్జున్ కట్టిన చీరలాంటిదే కావాలని అడిగే కుర్రాణ్ణి కసరనక్కర్లేదు. ఆ చీర ఎందుకు కడతారో పక్కన కూర్చోబెట్టుకుని ఓ అవ్వ చెబితే చాలు, వాడు మళ్ళీ ఏడాది కూడా వస్తాడు.

ఆంధ్రప్రదేశ్‌లోనో, తెలంగాణలోనో రేపు ఎవరైనా సినిమా పేరున ఒక పెద్ద లోకం కట్టదలిస్తే, మా మాట ఇది. అందులో ప్రవేశించే ప్రతి బిడ్డకూ ఒక పాత్ర ఉండాలి. కోటలో కావలివాడో, వంటవాడో, కాలకేయుడో, ఏదైనా సరే. ముఖానికి ఇంత రంగు, చేతికి ఒక పని. విస్తరణ పేరుతో జనం అలవాటుపడ్డ పాత మూలను కూలదోసే ముందు, అక్కడికి ఏటా వచ్చేవాళ్ళను పిలిచి అడగాలి. సర్కారు బడుల పిల్లలకు వారంలో ఒక రోజైనా నామమాత్రపు రుసుముతో తలుపు తీయాలి. ఇక, నక్షా గీసే ఇంజినీర్లు రంగంలోకి దిగకముందే ఒక మే నెలలో తిరుపతికి వచ్చి, తాతయ్యగుంట దగ్గర ఉదయం నాలుగింటికి మాతంగి వేషం కట్టేవాళ్ళ పక్కన నిలబడాలి. జడకు సవరం ఎలా బిగిస్తారో, గాజులు పట్టని ముంజేతికి ఏం చేస్తారో అక్కడే అడిగి తెలుసుకోవచ్చు. చెప్పడానికి వాళ్ళెవరూ మొహమాటపడరు.