వామనుణ్ణి మరుగుజ్జును చేయవద్దు

బోన్సాయ్‌కి తెలుగులో రెండు పేర్లు చెలామణిలో ఉన్నాయి. ఒకటి మరుగుజ్జు చెట్టు, రెండవది వామన వృక్షం. పర్యాయపదాలలాగే కనిపిస్తాయి గానీ వాటి నడుమ చాలా దూరముంది. మరుగుజ్జుతనం ఎదుగుదల ఆగిపోవడం. వామనత్వం ఎదుగుదలను లోపల దాచుకోవడం. పోతనగారి ఊరుగా ప్రసిద్ధి పొందిన బమ్మెర మా తొర్రూరుకు దగ్గరలోనే ఉంది. ఆయన భాగవతం అష్టమ స్కంధంలోని వామన చరిత్ర తెలిసినవారికి ఈ భేదం విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ భేదం పరీక్షకు నిలిచేది కొండకోనల నుండి తెచ్చిన ముసలి చెట్టును తీర్చిదిద్దేటప్పుడు. విత్తు నుండి పెంచిన మొక్కకు చరిత్రను మనమిస్తాం. సేకరించిన చెట్టు తన చరిత్రను వెంటబెట్టుకొనే వస్తుంది. అట్టి చెట్లను జపనీయులు యమదొరి అంటారు. వాటిలో మిక్కిలి పేరున్నది షింపకు అనే జూనిపర్. నీగతలోని ఇతొయిగవ కొండచరియలపైనా, షికోకు ద్వీపంలోని ఇషిజుచి పర్వతంపైనా మంచు బరువుకూ గాలి తాకిడికీ మెలితిరిగిన చెట్లవి. మానులో చాలా భాగం ఎండి తెల్లబడి ఉంటుంది. దాని వెంట సన్నని పట్టీలాగా సజీవమైన బెరడు పాకుతూ పైనున్న పచ్చదనాన్ని పోషిస్తుంది. చావూ బ్రతుకూ ఒకే మానులో కాపురముండడమే దాని అందం.

తవ్వి తెచ్చిన జూనిపర్‌ను రెండు మూడేళ్ళు కదపకుండా వేళ్ళూననివ్వాలి. రాగి లేక అల్యూమినియం తీగ చుట్టి కొమ్మలను వంచడం ఆ తరువాతి మాట. ఈ చెట్టు తన బలాన్ని ఎక్కువగా ఆకులలోనే దాచుకుంటుంది గనుక ఒక్కసారిగా ఎక్కువ కత్తిరిస్తే కోలుకోవడం కష్టం. పచ్చదనమంతా పోయిన కొమ్మ తిరిగి చిగురించదు. ఎండిన కొయ్యకు సున్నమూ గంధకమూ కలిపి కాచిన ద్రావణం పూస్తే తెల్లగా ఉంటుంది, త్వరగా పుచ్చదు.

ఆ ఎండు కొయ్యను ఎంతవరకు చెక్కవచ్చుననేదే అసలు వివాదం. 1940లో జన్మించిన మసహికొ కిమురా విద్యుత్ పరికరాలతో చెక్కి ఈ కళ తీరునే మార్చివేశారు. మనిషి చేయి పడకపోతే అది కుండీలో నిలిపిన అడవి చెట్టే గదా, ఇక కళ ఎక్కడిదని ఆ పక్షం వారి వాదన. కొట్టిపారవేయదగినది కాదు. అయినా నా మట్టుకు నాకు, కళాకారుని పని ఆ చెట్టు బ్రతుకును చదివి, ఆ చదువుకు అడ్డుపడే కొమ్మను తొలగించడం వరకే. గాలి పడమటికి వంచిన మానుపై కొమ్మలను తూర్పుకు తిప్పితే చెట్టు చేత అబద్ధమాడించినట్లే. వామనుడు మరుగుజ్జు అయ్యేది అక్కడే.

ఇక మన సంగతి. బొమ్మలు చూసి మనసుపడి జూనిపర్ కొనేవారు మన వైపూ ఉన్నారు. చలికాలపు విశ్రాంతి కోరే ఆ చెట్టును వరంగల్లు ఎండలలో నిలబెట్టడం దయగల పని కాదు. మన యమదొరి మన కళ్ళెదుటే ఉంది. పక్షులు రాల్చిన గింజతో మోటబావుల గోడలలో, పాత గడీల పగుళ్ళలో గుప్పెడు మట్టైనా లేకుండా ఏళ్ళ తరబడి బ్రతికే రావి, మర్రి, జువ్వి చెట్లవి. వీటికి జపాను సూత్రాలు యథాతథంగా పనికిరావు. వీటి ఎండు కొయ్య నిలవదు, పుచ్చిపోతుంది. వీటి ముసలితనమంతా ఊడలలో, రాతిని కౌగిలించుకున్న వేళ్ళలో, మానులోని తొర్రలో ఉంటుంది. మా ఊరి పేరులోనే తొర్ర వినిపిస్తుంది. వ్యుత్పత్తి చర్చ నా ఉద్దేశం కాదు గానీ, ఆ తొర్రను మైనంతో పూడ్చి నునుపు చేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

అయితే కనబడిన చెట్టునల్లా పెకలించుకు రమ్మని కాదు. సేకరణ మోజులో ఇతొయిగవ చరియలు దాదాపు ఖాళీ అయ్యాయి. కాకతీయుల కట్టడాలలో మొలిచిన రావిని లాగితే వేరుతో పాటు రాయీ కదులుతుంది. అక్కడ మన చేయి పడరాదు. పూడ్చబోయే బావి, కూల్చబోయే ఇల్లు, వెడల్పు చేయబోయే రహదారి, వీటి పక్కన ఎలాగూ చావబోయే చెట్టును మాత్రమే, యజమాని అనుమతితో, తొలకరి వానలలో తెచ్చుకోవాలి. పెద్ద చెట్లయితే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉండనే ఉంది. చేవెళ్ల దారి మర్రులు రహదారి విస్తరణకు బలికాకూడదని పోరాడినవారు కోరినట్లు, నిలబడగల చెట్టును నిలబడిన చోటనే కాపాడుకోవడం మొదటి ధర్మం. కుండీ ఆఖరి ఆశ్రయం.

చెక్కుడు పక్షం మిత్రులు దీనితో ఏకీభవించరని తెలుసు. వారి వాదనను వినాలని ఉంది.